నాన్న బండికి మళ్లీ బ్రేకులు పడ్డాయి

"రంగుల సంగతి తర్వాత చూద్దువుగానీ, ముందు అది ఆగుతుందో లేదో చూడమ్మా."

ఇరవై మూడేళ్లుగా మా పశువుల కొట్టంలో మూలనపడి ఉన్న బండి మీద టార్పాలిన్ లాగేసిన రోజు బాబాయ్ అన్న మొదటి మాట ఇది. నేనేమో అప్పటికే ఫోన్లో నాలుగు ఫొటోలు దాచుకున్నాను. నల్ల చక్రాలు, పసుపు రంగు, కొత్త లైట్లు... "ఇలా చేయిద్దాం" అని చూపిద్దామనుకున్నాను. ఆ మాట విన్నాక ఫోను జేబులో పెట్టేశాను.

బాబాయ్ అంటే నాన్నకి తోడబుట్టినవాడు కాదు. మామిడికాయలు దింపే జట్టులో పనిచేసేవాడు. ఊళ్లో వరస కలిపి చిన్నప్పట్నుంచీ అలాగే పిలుస్తాను. కుడికాలు కొంచెం ఈడ్చి నడుస్తాడు. ఆ కాలు అలా అవడానికి కారణం ఈ బండే.

ఇంజను మీద కూర్చున్న బాల్యం

మాది నూజివీడు దగ్గర పల్లెటూరు. మామిడి తోటలే ఆధారం. నాన్న 1981లో ఈ బండిని సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. 1972 మోడల్ మహీంద్రా ఎఫ్‌సీ-150. ఎఫ్‌సీ అంటే ఫార్వర్డ్ కంట్రోల్. మామూలు జీపులో ముందు ఇంజను, దాని వెనకాల డ్రైవరు ఉంటారు కదా! ఇందులో డ్రైవరు దాదాపు ముందు చక్రాల మీదే కూర్చుంటాడు. జీపు చట్రం పొడవు పెంచకుండా ఎక్కువ సరుకు పట్టాలంటే క్యాబిన్‌ని ముందుకు జరపడమే దారి. అమెరికాలో విల్లీస్ కంపెనీ 1956 చివర్లో దీన్ని బయటికి తెచ్చింది. మన దేశంలో మహీంద్రా వాళ్లు 1965లో తయారీ మొదలుపెట్టారు. ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య దూరం 81 అంగుళాలే. అందుకే ఇరుకు తోటల్లో, చెట్ల మధ్య కూడా ఇట్టే మలుపు తిరిగేది.

మరి ఇంజను ఎక్కడ? డ్రైవరుకీ పక్కనున్నవాళ్లకీ మధ్యలో, ఒక ఇనప మూత కింద. ఆ మూత మీద మడతపెట్టిన గోనెసంచి వేసి నన్ను కూర్చోబెట్టేవాడు నాన్న. నూజివీడు మార్కెట్‌కి వెళ్లేసరికి కింద వేడి, పైన ఎండ. అయినా ఆ చోటు కోసం మా అన్నయ్యా నేనూ కొట్టుకునేవాళ్లం.

1999 మే నెలలో ఒక మధ్యాహ్నం ఆ ప్రయాణాలన్నీ ఆగిపోయాయి. తొట్టి నిండా కాయలు. పైన బాబాయ్ కూర్చున్నాడు. చెరువు కట్ట దిగుతుంటే బ్రేకు పెడలు ఒక్కసారిగా నేలకి తగిలిపోయింది. నాన్న హ్యాండ్ బ్రేకు లాగాడు. అదీ పట్టలేదు. ఎదురుగా మనుషులు వస్తున్నారని బండిని పక్కనున్న తాటిచెట్టు వైపు తిప్పాడు. ఎడమ మూల చెట్టుకి కొట్టుకుంది. బాబాయ్ కింద పడ్డాడు, కాలి మీద కాయల పెట్టెలు పడ్డాయి. రెండు ఆపరేషన్లు అయ్యాయి. ఖర్చంతా నాన్నే పెట్టుకున్నాడు. బండిని ట్రాక్టరుతో లాక్కొచ్చి కొట్టంలో పెట్టి టార్పాలిన్ కప్పాడు. ఆ తర్వాత దాని ఊసే ఎత్తలేదు. కాయలు అద్దె ఆటోల్లో వెళ్లేవి.

నాకు కావాల్సింది వేరు, నాన్నకి కావాల్సింది వేరు

నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. కరోనా తర్వాత ఇంటి నుంచే పని కావడంతో ఊరికి వచ్చేశాను. రోజూ కిటికీలోంచి ఆ టార్పాలిన్ కనిపించేది. ఇనప సామాను కొనేవాడొకడు వచ్చి బేరం పెట్టాడు. ఆ రేటు విన్నాక నాన్న "ఇచ్చెయ్" అన్నాడు. అమ్మ మాత్రం లోపలికెళ్లి తలుపేసుకుంది. అప్పుడనిపించింది, మనమే బాగుచేస్తే పోలా అని. అది 2022 జూన్. పని పూర్తి కావడానికి దాదాపు రెండేళ్లు పట్టింది.

నాన్న మొదట్లో దగ్గరికే రాలేదు. వచ్చాక ఒకటే పట్టు: "చేస్తే కంపెనీవాడు ఎలా ఇచ్చాడో అలాగే చెయ్యి. లేదా వదిలెయ్." నాకేమో డీజిల్ ఇంజను పెట్టాలని, వెడల్పు టైర్లు వెయ్యాలని ఆశ. ఏడాదిపాటు మా ఇద్దరి మధ్యా ఇదే గొడవ. ఇంట్లో పాత బండి ఉన్నవాళ్లందరికీ ఈ గొడవ తెలిసే ఉంటుంది. ఉన్నది ఉన్నట్టు ఉంచడమా, మనకి నచ్చినట్టు మార్చుకోవడమా?

గొడవ తేలేలోపు చెయ్యాల్సిన పని చాలానే ఉంది. ఇంజను బిగుసుకుపోయింది. ఇది 2.2 లీటర్ల, నాలుగు సిలిండర్ల హరికేన్ పెట్రోలు ఇంజను. గాలీ పెట్రోలూ లోపలికి పంపే వాల్వులు పైన హెడ్‌లో ఉంటాయి. పొగ బయటికి పంపేవి కింద బ్లాకులో ఉంటాయి. బిగుసుకున్న ఇంజన్ని బలం పెట్టి తిప్పితే రింగులు విరుగుతాయి. అందుకని ప్లగ్గులు తీసి, ఒక్కో సిలిండర్లో కాస్త డీజిలూ గేర్ ఆయిలూ కలిపి పోశాం. రోజూ ఉదయం ఆఫీసు కాల్ మొదలయ్యేలోపు క్రాంక్ నట్టుకి పెద్ద పానా పెట్టి కొద్దిగా ఇటూ అటూ కదిలించేదాన్ని. పదకొండో రోజున వెంట్రుకవాసి కదిలింది. నేను అరిచిన అరుపుకి గేదె కట్టుతాడు తెంచుకుంది.

తర్వాత క్యాబిన్‌లోనే కూర్చుని హెడ్ విప్పాను. వాల్వులు గ్రైండింగ్ చేయించి, కొత్త గ్యాస్కెట్ వేసి బిగించాం. పనంతా సీటు మీద కూర్చునే చెయ్యొచ్చు. మధ్యలో ఇంజను ఉండటం వల్ల కలిగిన లాభం అదొక్కటే!

తుప్పు మీద లప్పం పెట్టొద్దు

చిన్న ఇనప భాగాల తుప్పు వదిలించడానికి ఇంట్లోనే ఒక ఉపాయం చేశాం. ప్లాస్టిక్ డ్రమ్ములో నీళ్లు పోసి, చాకలి సోడా కలిపాం. పాత బ్యాటరీ చార్జరు నెగటివ్ వైరు తుప్పుపట్టిన ముక్కకి, పాజిటివ్ వైరు ఒక పనికిరాని ఇనపకడ్డీకి తగిలించాం. రెండూ ఒకదానికొకటి తగలకూడదు. రాత్రంతా ఉంచితే తుప్పు మెత్తబడి, బ్రష్షుతో రుద్దగానే ఊడొచ్చింది. ఇది చేస్తున్నప్పుడు హైడ్రోజన్ వాయువు పుడుతుంది. కాబట్టి ఆరుబయటే చెయ్యాలి, దగ్గర్లో నిప్పు ఉండకూడదు. పాజిటివ్ వైపు స్టెయిన్‌లెస్ స్టీలు అసలు వాడకూడదు. విషపదార్థాలు నీళ్లలో కలుస్తాయి.

బాడీ పని ఇంత తేలిక కాదు. క్యాబిన్ అడుగు రేకు చేత్తో నొక్కితే అప్పడంలా విరిగింది. తుప్పు మీద లప్పం పూసి రంగేస్తే ఏడాది పాటు మెరుస్తుంది. లోపల మాత్రం తినేస్తూనే ఉంటుంది. గట్టి రేకు కనిపించేదాకా కోసేసి, కొత్త ముక్క వెల్డింగ్ చేయించడమే సరైన పని. వెల్డింగ్ మాకు చేతకాదు. ఊళ్లో ట్రాక్టర్ ట్రక్కులు చేసే మేస్త్రి వచ్చి చేసిపెట్టాడు. వెల్డింగ్ మొదలుపెట్టే ముందు పెట్రోలు ట్యాంకు విప్పి దూరంగా పెట్టించాడాయన. ఖాళీ ట్యాంకే కదా అని నేను తేలిగ్గా అనేశాను. "నిండు ట్యాంకు కన్నా ఖాళీ ట్యాంకే ప్రమాదమమ్మా, లోపలంతా ఆవిరే ఉంటది" అన్నాడు. ఆ రోజు నేర్చుకున్న పాఠాల్లో అదొకటి.

తొట్టి అడుగున చెక్కలు పుచ్చిపోయాయి. నాన్న ఒకప్పుడు ఎడ్లబళ్లు చేసిన వడ్రంగిని పిలిపించి నల్లతుమ్మ చెక్క వేయించాడు. ఆ పని జరిగిన మూడు రోజులూ ఆయన కుర్చీ వేసుకుని అక్కడే కూర్చున్నాడు. బండి దగ్గర నాన్నని అంతసేపు చూడటం 1999 తర్వాత అదే మొదలు.

ఒక రబ్బరు గొట్టం

బ్రేకుల పని చివరికి పెట్టుకున్నాను. నిజం చెప్పాలంటే భయపడే అలా పెట్టుకున్నాను. కానీ బాబాయ్ రోజూ టీ వేళకి వచ్చి అదే అడిగేవాడు. "బ్రేకు విప్పారా?"

విప్పాం. పాత బ్రేకు షూలలో ఆస్‌బెస్టాస్ ఉండేది. ఆ దుమ్ము పీలిస్తే ఊపిరితిత్తులకి చేటు. నోటితో ఊదడం, గాలి పైపు పెట్టడం కూడదు. మాస్కు కట్టుకుని తడిగుడ్డతో తుడిచాను. ముందు చక్రం దగ్గర ఇనప పైపుని చక్రానికి కలిపే రబ్బరు గొట్టం చేతికి తగిలింది. ఒక పక్కంతా చీలికలు. మధ్యలో వేలు పట్టేంత చిరుగు.

అప్పుడు అర్థమైంది, ఆ రోజు ఏం జరిగిందో! పెడలు తొక్కితే మాస్టర్ సిలిండరు బ్రేకు ఆయిల్ని నాలుగు చక్రాలకీ నెడుతుంది. మా బండిలో దానికున్నది ఒకటే దారి. నాలుగింట్లో ఎక్కడ చిల్లు పడినా మొత్తం ఒత్తిడి అక్కడే పోతుంది. ఒక గొట్టం పగిలితే నాలుగు చక్రాల బ్రేకులూ పోయినట్టే. ఈ ప్రమాదం గుర్తించే అమెరికాలో 1968 నుంచి కార్లకి రెండు దారుల బ్రేకులు తప్పనిసరి చేశారు. ఒకటి పోయినా రెండోది పనిచేస్తుంది. ఇక హ్యాండ్ బ్రేకు సంగతి. ఈ బండిలో అది చక్రాల దగ్గర ఉండదు. గేర్ బాక్స్ వెనకాల, షాఫ్టు మీద ఒక డ్రమ్ములో ఉంటుంది. అక్కడి ఆయిల్ సీలు కారి లైనింగ్ అంతా నూనెలో నానిపోయింది. అందుకే ఆ రోజు అదీ పట్టలేదు.

నాకు ఎంత సంతోషం వేసిందో! గొట్టం పట్టుకుని పరిగెత్తాను. "చూడు నాన్నా, తప్పు నీది కాదు. రబ్బరు పగిలింది. నువ్వేం చేస్తావు?" అన్నాను.

నాన్న దాన్ని చేతిలోకి తీసుకోలేదు. చూసి, లేచి తోటలోకి వెళ్లిపోయాడు. రాత్రి అన్నం దగ్గర చెప్పాడు.

"ఆ గొట్టం చీలిందని మేస్త్రి పది రోజుల ముందే చెప్పాడమ్మా. బండి రెండు రోజులు ఆపితే కాయ చెట్టు మీదే పండిపోద్ది. సీజన్ అయ్యాక మారుద్దాంలే అన్నాను."

ఇన్నేళ్లూ ఆయన బండి మీద కప్పింది టార్పాలిన్ ఒక్కటే కాదని అప్పుడు తెలిసింది. నా దగ్గర ఏ మాటా లేకపోయింది. అమ్మ మజ్జిగ వడ్డించింది.

మర్నాడు టీ వేళకి బాబాయ్ వచ్చాడు. నాన్న అదే మాట ఆయనకీ చెప్పాడు. గ్లాసు కింద పెట్టకుండానే బాబాయ్ అన్నాడు, "తెలుసులే. ఆ మేస్త్రి నాకూ చెప్పాడు. అయినా ఎక్కాను కదా. నాకు మాత్రం కూలి అక్కర్లేదా?" కాసేపాగి, "నిన్నేమీ అనడానికి రావట్లేదు నేను. ఈసారి మళ్లీ అలా కాకూడదని వస్తున్నా. అందుకే ముందు బ్రేకు చూడమన్నది" అన్నాడు.

ఆ సాయంత్రంతో మా ఇంట్లో గొడవ తేలిపోయింది. మనిషికి హాని చేసేది ఏదున్నా మారుద్దాం. మిగతాది ఉన్నట్టే ఉంచుదాం. అంతే. డీజిల్ ఇంజను లేదు, వెడల్పు టైర్లు లేవు.

ఆటోనగర్‌లో "మీ ఆయన రాలేదామ్మా?"

పాత జీపుల సామాను కావాలంటే మాకు విజయవాడ ఆటోనగరే దిక్కు. మొదటిసారి నేనొక్కదాన్నే వెళ్తే మూడు షాపుల్లో ఒకే ప్రశ్న: "మీ ఆయన రాలేదామ్మా?" నాలుగో షాపులో పాత వీల్ సిలిండరు బల్ల మీద పెట్టి, లోపలి కొలత చెప్పాను. ఆ పెద్దాయన కళ్లద్దాలు సర్దుకుని, కుర్చీ చూపించి, టీ చెప్పాడు. మా బండిలో చాలా భాగాలు జీపువే కాబట్టి, దొరకవనుకున్నవి కూడా దొరికాయి.

తర్వాతి కాలం జీపుల్లో వాడిన రెండు గదుల మాస్టర్ సిలిండరు తెచ్చాం. డ్రమ్ము బ్రేకులకి డ్రమ్ము బ్రేకులదే పెట్టాలి, డిస్కు బ్రేకులది తెచ్చి పెడితే కుదరదు. దాన్ని బిగించే బ్రాకెట్ లేత్ షెడ్డులో చేయించాం. ముందు చక్రాలకొక పైపు, వెనక చక్రాలకొక పైపు. రబ్బరు గొట్టాలు, వీల్ సిలిండర్లు, షూలు అన్నీ కొత్తవే. ఈ పని మాత్రం నేను సొంతంగా చెయ్యలేదు. ముప్పై ఏళ్లుగా జీపులు చేస్తున్న మెకానిక్‌తో చేయించి, పక్కన నిలబడి పానాలు అందించాను. ఇంట్లో నేర్చుకునే పనులు వేరు, బ్రేకుల పని వేరు.

మార్పులు ఇంకొన్ని ఉన్నాయి. వైరింగ్ మొత్తం కొత్తది, ఫ్యూజు పెట్టెతో సహా. హెడ్‌లైట్లకి రిలేలు. రెండు సీట్లకీ బెల్టులు. ఇంజను మూత లోపల వేడి ఆపడానికి గ్లాస్ ఊల్, దాని మీద అల్యూమినియం రేకు. పైన కొత్త గోనెసంచి. అక్కడ ఎవరినీ కూర్చోబెట్టం. ఊరికే, చూసుకోవడానికి. రంగు ఆర్.సి. పుస్తకంలో ఉన్న ఆకుపచ్చే వేశాం. ఎడమ మూల సొట్ట మాత్రం తీయించలేదు. డెంటింగ్ మేస్త్రి గంటలో సరిచేస్తానన్నాడు. వద్దన్నది నాన్నే.

కాగితాల మాట

ఇక్కడ ఒక విషయం చెప్పాలి. బండి మనదే అయినా ఇష్టమొచ్చినట్టు మార్చడానికి చట్టం ఒప్పుకోదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, కంపెనీ ఇచ్చిన వివరాలకీ రిజిస్ట్రేషన్‌లో ఉన్న వివరాలకీ తేడా వచ్చేలా మార్పులు చెయ్యకూడదు. సుప్రీంకోర్టు కూడా 2019లో ఈ మాటే గట్టిగా చెప్పింది. నేను డీజిల్ ఇంజను పెట్టించి ఉంటే అక్కడే చిక్కుకునేదాన్ని.

యాభై ఏళ్లు దాటిన సొంత వాహనాల కోసం కేంద్రం 2021లో వింటేజ్ నిబంధనలు తెచ్చింది. వాటికి నంబరు ప్లేటు మీద 'వీఏ' అక్షరాలతో వేరే సిరీస్ ఇస్తారు. ఛాసిస్, బాడీ, ఇంజనుల్లో పెద్ద మార్పులు చేసి ఉండకూడదు. ఆ బండిని ప్రదర్శనలకీ, వింటేజ్ ర్యాలీలకీ, పెట్రోలు, మరమ్మతుల అవసరాలకీ తప్ప రోజూ తిప్పకూడదు, వ్యాపారానికి వాడకూడదు. మా బండి పుస్తకంలో 'సరుకు రవాణా' అని ఉంది. దాన్ని మేమెప్పుడో రెన్యువల్ చేయించడం మానేశాం. అందుకని ఇప్పటికి దాని రాజ్యం మా తోటే. గేటు దాటదు. పాత బండి మీద డబ్బు పెట్టే ముందు కాగితాలు చూసుకోండి. నేను తర్వాత చూసుకున్నాను.

"ఒకటి తెంపి చూపించు"

2024 ఏప్రిల్. కాయ కోతకొచ్చింది. బండి స్టార్టయ్యి అప్పటికి వారం. చదునైన చోట మెల్లగా నడిపి ఆపి చూశాం. ఆగింది. చప్పట్లు కొట్టాం. బాబాయ్ కొట్టలేదు.

"అన్నీ బాగుంటే ఏ బండైనా ఆగుద్ది. ఒకటి తెంపి చూపించు."

మెకానిక్ నవ్వాడు. తర్వాత, "పెద్దాయన చెప్పింది నిజమే" అన్నాడు. వెనక చక్రం దగ్గర బ్లీడింగ్ నట్టు వదులు చేసి, దాని మూతికి ఒక గొట్టం తగిలించి సీసాలో పెట్టి తీగతో కట్టాడు. అంటే వెనక దారి తెగిపోయినట్టే. బండి ముందు ఎవరూ లేకుండా అందర్నీ పక్కకి పంపించాడు. డ్రైవరు సీట్లో నాన్న. డెబ్బై ఆరేళ్లు. బండి మనిషి నడిచే వేగంతో కదిలింది. "తొక్కండి" అని అరిచాడు మెకానిక్.

పెడలు చాలా కిందికి వెళ్లిపోవడం కిటికీలోంచి నాకు కనిపించింది. నాన్న మొహం ఒక్క క్షణం ఎలా అయిందో చెప్పలేను. ఆ వెంటనే ముందు చక్రాలు పట్టుకున్నాయి. బండి ముక్కు కిందికి వంగి, ఆగింది.

నాన్న స్టీరింగ్ వదల్లేదు. బాబాయ్ కాలు ఈడ్చుకుంటూ వెళ్లి, ముందు సొట్ట మీద అరచేత్తో రెండు దెబ్బలు వేశాడు. "ఆ నట్టు బిగించండిరా. కాయలెక్కించాలి" అన్నాడు.

అవతలి తలుపు తీసుకుని నాన్న పక్క సీట్లో కూర్చున్నాడు. తొట్టి మీద కాదు. బెల్టు ఎలా పెట్టుకోవాలో తెలియక కాసేపు తికమకపడ్డాడు. నాన్న ఒంగి పెట్టాడు.

ఈ రెండేళ్లలో అయిన ఖర్చుతో ఒక సెకండ్ హ్యాండ్ కారు వచ్చేది. మా అన్నయ్య ఆ మాట ఇప్పటికీ అంటాడు. నేను లెక్క వేసుకోవడం మానేశాను. సీజన్‌లో రోజూ పొద్దున్నే నాన్న బండి దగ్గరికెళ్లి, వంగి, నాలుగు చక్రాల దగ్గర గొట్టాలూ వేలితో తడిమి చూస్తాడు. ఆ తర్వాతే తాళం తిప్పుతాడు. మొన్నొకరోజు వెనక గొట్టం దగ్గర కాస్త తడి కనిపించింది. తోటలో కాయ ఉంది, జట్టు సిద్ధంగా ఉంది. నాన్న తాళం తీసి నా చేతిలో పెట్టాడు.

"ఇవాళ బండి కదలదు. ఆటోకి ఫోన్ చెయ్యమ్మా" అన్నాడు.